అత్త దాచిన గంటెలు

ఎలమంచిలి దగ్గర, మంగళవారం

బావ వరహాలుకి తవిటయ్య దండాలు.

ఫోన్లో నీ గొంతు ఇంటే నాకు మాట రాదు. అందుకని రాస్తన్నాను. తప్పు చేసాను బావా.

షెడ్డులో రెండు వందల బ్రాయిలర్ కోళ్లున్నాయి కదా. మొక్కజొన్న దొరకట్లేదని మేత దుకాణాలు మూసేసారు. మూడు రోజులు నూకలు, తవుడు పెట్టాను. అవీ అయిపోయాయి. ఆకలికి ఒకదాన్నొకటి పొడుచుకు తింటన్నాయి. ఆ అరుపులు ఇనలేక అటకెక్కాను. మీ అమ్మ ఏటేటా దాచిన విత్తనం గంటెలు, నీ కోడలు సజ్జలంటాదే అవి, రెండు కుండలు. స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక వచ్చి తొలకరికి చల్లుతాను, అందాకా ఉంచమని నాకప్పజెప్పావు.

మొత్తం పోసేసాను. ఎగబడి తిన్నాయి. బతికాయనుకున్నాను. తెల్లారేసరికి పదిహేడు చచ్చాయి. మిగతావి మెడ కింద సంచి రాయిలా బిగిసి, కళ్లు మూస్తన్నాయి. కోళ్లూ పోతన్నాయి, విత్తనమూ పోయింది. కాశమ్మకి చెప్పలేదు. నీ చెల్లెలి మొహం చూడలేకపోతన్నాను. నాకేటి చెయ్యాలో తోచటం లేదు.

తవిటయ్య


ఎలమంచిలి దగ్గర, తర్వాత ఆదివారం

బావకి,

నీ జవాబు రాలేదు. రాకపోయినా తప్పు నాదే.

ఉత్తరం వేసొచ్చేసరికి కాశమ్మ చచ్చిన కోడిని కోసి చూస్తంది. మెడ సంచిలోనూ కడుపులోనూ గింజలే, ఒక్కటీ నలగలేదు.

"ఏటిది? మాయమ్మ గంటెలు కాదేటి?" అంది.

అటక మీది ఖాళీ కుండలు దించి చూపించాను.

"నాటుకోడి రాళ్లేరుకుని మింగుతాది. కడుపులో అదే దాని తిరగలి. ఊక మీద పెరిగిన వీటికి రాయెక్కడిదయ్యా? పిండి సేసి పెట్టాలని తెలీదేటి, ఇన్నేళ్లొచ్చాయి!"

తిట్టుకుంటానే చచ్చినవాటి గింజలు దడి పక్కకి దులిపింది. గెడ్డ వాగులోంచి ముతక ఇసక తెచ్చి షెడ్డులో చల్లింది. ఒక్కో కోడికీ గోరువెచ్చని నీళ్లు పట్టి సంచి నిమిరింది. నాను పట్టుకున్నాను. రెండు రోజులు అదే పని. ఇంకో ఇరవై పోయాయి. మిగిలినవి లేచాయి, బయటికొదిలితే పురుగూ పుట్రా ఏరుకుని తిరుగుతన్నాయి.

మొన్న వాన పడింది. ఇయాల దడి కింద పచ్చగా కనపడితే గడ్డి అనుకుని పీకబోయాను. కాశమ్మ నా చెయ్యి పట్టేసింది. "ఆగయ్యా! అవి గంటెలు."

పిడికెడు మొలకలుంటాయేమో. చుట్టూ ముళ్లకంప పెట్టింది. నాను కోళ్లని తోలుతా అక్కడే కూసున్నాను.

తిట్టడానికైనా రా బావా. కంకి పాలు పోసుకునేలోగా రా.

నీ తవిటయ్య