కార్డుకి తగిలించిన వైరు

చెల్లాయీ, ఇక్కడ నేను గట్టిగానే ఉన్నాను.

అమ్మ చనిపోయిన ఏడాది ఆవిడ పాటలన్నీ టైపు చేయించి పుస్తకం వేయిస్తానని మీ ఆయన మాటిచ్చి ఎగ్గొట్టాడు కదా. ఆ పని ఇక నేనే చేస్తున్నాను. కంప్యూటరు కొని, వైర్లన్నీ నా చేత్తోనే బిగించాను. పెట్టెలో ఫ్యాను హడావిడి మీ ఆయనంత, తెర మీద పని మాత్రం సున్నా. అమ్మినవాడికి ఫోను చేశాను.

"తెర వైరు కార్డుకి పెట్టారా పెద్దాయనా?"

"కార్డు మీద రాస్తారు గానీ, వైరు పెడతారుటయ్యా?"

పడీ పడీ నవ్వాడు. "ఉత్తరం కార్డు కాదండీ బాబూ! పెట్టె వెనక, కిందివైపు ఇంకో సాకెట్టు చూడండి. అది పెట్టె లోపల బిగించిన గ్రాఫిక్స్ కార్డుది, బొమ్మ వచ్చేది ఆ కార్డులోంచే."

వైరు అక్కడికి మార్చగానే తెర వెలిగింది. ఇప్పుడు తెలుగు తడుముకోకుండా కొడుతున్నాను.

సగం పాటలు నాకు పల్లవి దాటి రావడం లేదు. నీకు అన్నీ వచ్చు, మరచిపోకముందే రాసి పంపు. మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? పిల్లలకు నా దీవెనలు.

మీ ఆయన మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆ రోజున "పోనీలే అన్నయ్యా, పాటలేగా" అన్న మనిషిని మాత్రం ఇంకా క్షమించలేదు. ఆ మనిషివి నువ్వే.