అక్క వేసిన గోళ్ల రంగు

వార్డు హెడ్‌నర్సు గారికి నమస్కారాలతో,

రేపటి ఆపరేషన్‌కు ముందు మా అమ్మ గోళ్ల రంగు పూర్తిగా తీసివేయాలని మీరు ఆదేశించారు. రక్తంలో ఆక్సిజన్ చూడటానికి వేలికి పెట్టే క్లిప్పును చెవి తమ్మెకు కూడా పెట్టవచ్చునని చదివి వచ్చి మీతో వాదించాను. నియమం నియమమేనన్నారు. కాలేజీ డిబేట్ వేదికపై అలాంటి జవాబును నేను అంత తేలికగా వదిలేదాన్ని కాను. కానీ ఇక్కడ నా అసలు కారణం మీకు చెప్పనే లేదు.

ఆ రంగు వేసింది మా అక్క. పార్లర్‌లో గోళ్ల పని చేసేది. గోరు మొదట్లో చర్మం రంగు, కొసకు వచ్చేసరికి మబ్బు తెలుపు. రెండూ ఎక్కడ కలిశాయో కనిపించకుండా స్పాంజితో అద్దింది.

“మొదలంతా నీ రంగే కదమ్మా, గోరు పెరిగినా తెలీదు. అంట్లు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకో, చాలు,” అంది.

“నా చేతులకి ఈ వేషాలేంటే,” అని అమ్మ నవ్వింది.

ఆ వారంలోనే అక్క రోడ్డు ప్రమాదంలో పోయింది.

అప్పటి నుంచి అమ్మ గ్లౌజులు లేకుండా అంట్లు ముట్టలేదు. రోజూ గోళ్ల చుట్టూ నూనె రాస్తుంది, గోళ్లు కత్తిరించనివ్వదు. అయినా రంగు కొసలకు జరిగిపోయింది.

మీరు వెళ్లాక అమ్మ అంది: “ఆవిడతో గొడవెందుకే? నా ప్రాణం కోసమేగా అడుగుతోంది. తీసేయనీ.”

అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోలేనిది నేను.

కనుక నా విన్నపం ఒక్కటే. ఆ రంగు నన్ను తీయనివ్వండి. రిమూవర్‌లో తడిపిన దూదిని గోరుపై కాసేపు ఉంచాలి, తొందరపడి గీకితే గోరు పొరలు లేస్తాయని అక్క అనేది. మీకు వార్డంతా పని. నాకు ఈ సాయంత్రం ఇంకే పనీ లేదు.

ఇట్లు,
కిటికీ పక్క మంచం పేషెంటు గారి చిన్న కూతురు