నేరేడుచెట్టుకు చుట్టిన చీర

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్

అమ్మా, నాకేమీ కాలేదు. అన్నయ్య ఫోనులో చెప్పింది విని కంగారుపడకు.

ఎండకూ వానకూ బెరడు మరకలు గుడ్డకు అంటితే బొమ్మలా ఫ్రేము కట్టిద్దామని, నువ్విచ్చిన పాత తెల్ల చీరను వాకిట్లోని నేరేడుచెట్టుకు చుట్టాను. మొన్న ఎదురింటి దేవమ్మగారి మనవరాలికి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. "గీ చీరతోనే బాణామతి చేసింది, తగలబెట్టుండ్రి!" అంటూ వీధంతా మా గుమ్మం మీదికొచ్చింది. నేనే వెళ్లి, చీర విప్పి దేవమ్మగారి ముందు పరిచాను.

"ఇది మా అమ్మ కట్టిన చీరండీ. దీంతో పసిపిల్లకు కీడు చేస్తానా?" అన్నాను.

ఆమె ఆ గోధుమరంగు మరకలు తడిమి, వాసన చూసి, "గిది చెట్టు రంగే. జెర తొవ్వ ఇడువుండ్రి, బిడ్డ కాడికి పోవాలె," అని అందర్నీ గదిమారు. ఆ చీర వెంట తీసుకెళ్లి, ఆసుపత్రిలో దుప్పటి లేకపోతే దాన్నే పాపకు కప్పారు.

జ్వరం ఇంకా దిగలేదు. దిగకపోతే నన్నీ వీధిలో ఉండనిస్తారో లేదో తెలియదు. నాన్నగారి కన్ను ఎలా ఉంది? గోంగూర పచ్చడి ఇప్పుడే పంపకు. ఆ పిల్ల పేరు మంజుల. ఆదివారం చర్చి ఆరాధనలో ప్రార్థనకు నా పేరుకంటే ముందు ఆ పేరు చెప్పించు.

నీ కాంతమణి