ఎడమవైపు రాసుకుంటున్న బ్రేకు

మార్చి 3, 1980. సోమవారం

మా డిస్పెన్సరీలో హోమ్ విజిట్ల పోస్టు ఖాళీ. సైకిల్ మీద బాలింతల ఇళ్ళకు వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూసి రావాలి. నా పేరు కాగితం మీద రాసి ఇచ్చాను. ఇన్‌ఛార్జి మేడమ్ కాగితం చూసి నవ్వింది. "దారిలో సైకిల్ పాడైతే ఏం చేస్తారు సిస్టర్? సురేష్ అయితే మగవాడు, చూసుకుంటాడు..."

సురేష్ కొత్తగా వచ్చిన కాంపౌండర్. సీసా మూత తీయడానికి పదిమందిని పిలుస్తాడు. సైకిల్ చూసుకుంటాడట!

ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్ళు ఆసుపత్రిలో కాన్పుల వార్డులో చేశాను. తల్లిని ఇంటికి పంపాక ఆ పసిగుడ్డు ఏమైందో ఒక్కసారీ తెలియలేదు. నాకు ఈ పని కావాలి. కావాలి, అంతే.

మార్చి 4

నా పాత సైకిల్‌కు వెనక బ్రేకు ఎప్పుడో పోయింది. ముందు చక్రమేమో తిరిగినంతసేపూ కర్... కర్... ఎడమవైపు బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటోంది. వీధి మూలనున్న సైకిల్ షాపు భయ్యాను, ఎలా సరిచేస్తారో చూపించమన్నాను.

"ఛోడియే దీదీ, వదిలేయండి. చేతులు పాడవుతాయి."

ఈ చేతులతో ఎంతమందిని భూమ్మీదకు తెచ్చానో తెలుసా అన్నాను. నవ్వాడు. చూపించలేదు. మంచిది. పానా ఒకటి కొనుక్కుని వచ్చేశాను.

మార్చి 5

డ్యూటీ నుంచి వచ్చి అరగంట దాని ముందే కూర్చున్నాను. మరీ పెద్ద విద్యేమీ కాదు. వంచిన ఇనుప కమ్మీ ఒకటి, రెండు కొసలకూ రెండు రబ్బర్లు. హ్యాండిల్ దగ్గర నొక్కితే కమ్మీ పైకి లేచి రబ్బర్లు రిమ్మును కింది నుంచి పట్టుకుంటాయి. దీనికి మగవాడే కావాలా?

మార్చి 6

సైకిల్‌ను వరండాలో తలకిందులుగా నిలబెట్టాను. పంక్చర్లు వేసేవాళ్ళంతా అలాగే కదా పెడతారు. ఇప్పుడు రెండు రబ్బర్లూ తగులుతున్నాయి. తగలకుండా పోయేదాకా కమ్మీని దూరం జరిపి బిగించాను. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది! నాతో గదిలో ఉండే రూతు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏవే, ప్రార్థనలో కూడా ఇంత నిష్ఠగా కూచోవు నువ్వు."

మార్చి 7

సరోజినీ నగర్ మార్కెట్. ఎదురుగా గేదె. బ్రేకు నొక్కాను... నొక్కుతూనే ఉన్నాను... ఆగితేనా! పోయిపోయి గౌన్లు వేలాడదీసిన దుకాణంలో పడ్డాను. "దీదీ, కొలతలు చూసుకోవాలంటే దిగి రావాలి!" అని షాపువాడు. బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

మార్చి 8

మోకాలు వాచింది. పేరు వెనక్కి తీసుకోను.

మార్చి 9, ఆదివారం

పాస్టరుగారు ప్రసంగం చెబుతుంటే నా బుర్ర బ్రేకు మీదే ఉంది. ప్రభువు క్షమించాలి, అక్కడే తట్టింది. తలకిందులుగా పెడితే కమ్మీ తన బరువుకు తానే రిమ్ము మీదకు జారుతుంది. అందుకే తగిలింది. తెలివితక్కువదాన్ని, ఇంకా దూరం జరిపాను. సైకిల్ నిలబెట్టగానే అది కిందికి దిగిపోయింది. ఇక ఎంత నొక్కితే ఏం అందుతుంది?

ఇంటికి రాగానే సైకిల్‌ను గోడకు ఆనించి, సరిగ్గా నిలబెట్టే చూశాను. అసలు చక్రమే ఓరగా కూర్చుంది. ఇరుసు నట్లు వదులు చేసి నడిమికి తెచ్చాను. తర్వాత కమ్మీ. అమ్మ రాసిన పోస్టుకార్డు రెండువైపులా దూరేంత సందు వదిలి బిగించాను. రూతు చక్రం పట్టుకుంది. "ఒళ్ళంతా గ్రీజు, చర్చి చీర మీద కూడానూ! నీకిదేం పిచ్చే?" పిచ్చే. అయితే ఏం?

మార్చి 10

రైలు వంతెన పైనుంచి దిగుతూ బ్రేకు వేశాను. ఆగింది. మళ్ళీ ఎక్కి దిగాను. మళ్ళీ ఆగింది. "ఆగిందర్రా!" అని తెలుగులో అరిచాను. ఈ హిందీవాళ్ళకు అర్థం కాకపోతే నాకేం!

మార్చి 11

మేడమ్‌ను బయటికి పిలిచి, బ్రేకు బాగైందని చెప్పి, ఆవరణలో జోరుగా వచ్చి సరిగ్గా ఆమె ముందు ఆపాను.

"గుడ్. ఏ మెకానిక్ చేశాడు?"

"నేనే మేడమ్."

"అచ్ఛా..." ఆ సాగదీతలోనే తెలిసింది, నమ్మలేదని. లోపలికి వెళ్ళి కూర్చుని, పేరు రాసి పంపాల్సిన కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీసింది. "సురేష్ పేరే పంపేద్దామనుకుంటున్నాను సిస్టర్. ఏమీ అనుకోకండి."

అనుకున్నాను. బోలెడు అనుకున్నాను. బయటికి వెళ్ళి రెండు రబ్బర్లూ ఊడదీసి, తెచ్చి ఆ కాగితం మీదే పెట్టాను. నల్లటి మరక పడింది. పడనీ.

"సురేష్ గారిని పిలవండి మేడమ్. ఎవరు బిగిస్తే వాళ్ళ పేరే రాయండి."

సురేష్ తలుపు దగ్గరే ఉన్నాడు, విన్నాడు, లోపలికి రాలేదు. మేడమ్ తలుపు వైపు చూసింది, కాగితం మీది మరక చూసింది. పెన్నుకు మూత పెట్టింది. కాగితం మీద ఏ పేరూ రాయలేదు.

బ్రేకు లేని సైకిల్‌ను ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను. రబ్బర్లు ఆమె బల్లమీదే ఉన్నాయి. బిగించమని ఆమే పిలవాలి, నేను అడిగి తెచ్చుకోను.