గుర్తింపు పొందిన స్త్రీవాదం ఏది?

సీతారాండేరా,
జంషెడ్‌పూర్.

పూజ్యులు తవిటయ్య అన్నయ్య గారికి చెల్లెలు రమాదేవి నమస్కరించి రాయునది.

మేము క్షేమం. మీరూ, కాంతం వదినా క్షేమమని తలుస్తాను. వదినను నిన్ననే సాక్చి బజార్లో చూశాను కాబట్టి ఆవిడ సంగతి తలవనక్కరలేదు.

ఈ విషయం ముందు వాట్సాప్‌లో పెట్టాను. "ఫోన్లో పెట్టినవి నాను సూడనమ్మా, కాగితమ్మీద రాసి సంతకం పెట్టి అంపించు" అని మీరు ఫోన్లోనే జవాబిచ్చారు. అందుకని రాస్తున్నాను.

మీ బావగారు సన్యాసిరావు గారు పోయి ఏడాది దాటింది. మన ఉత్తరాంధ్ర మిత్ర సమాజంలో ఆయన పేరు కొట్టేసి మా అబ్బాయి మోహిత్ పేరు ఎక్కించారు. మహిళా విభాగం కార్యదర్శిని నేను. సమాజం భోజనాలకు పులిహోర కలిపేది నేను. ఓటు మాత్రం మోహిత్‌ది. వాడు మొన్న వార్షిక సభలో చెయ్యెత్తి వచ్చాడు. దేనికి ఎత్తావురా అని అడిగితే, "పతా నహీ మమ్మీ, సబ్ ఉఠాయా తో హమ్ భీ ఉఠా దియే" అన్నాడు. అందరూ ఎత్తారని తనూ ఎత్తాడట. తర్వాత తెలిసింది, అది ఉగాది వంటంతా మహిళా విభాగమే చెయ్యాలన్న తీర్మానమని.

ఈమధ్య కాలేజీలో పాఠాలు చెప్పే స్మిత అనే అమ్మాయి శనివారాలు మా విభాగానికి వచ్చి స్త్రీవాదం గురించి చెబుతోంది. అది ఒక వాదం కాదట. ఉదారవాదం, సామ్యవాదం, రాడికల్, దళిత స్త్రీవాదం అని పాయలున్నాయి. నాలుగూ శ్రద్ధగా విన్నాను. ఎటునుంచి చూసినా నాకు ఓటు ఉండాలనే తేలింది. ఈ నెలాఖరున సభ్యుల జాబితా ఖాయం చేస్తారు కాబట్టి అందులో నా పేరు చేర్చమని మనవి.

ఇట్లు,
మీ చెల్లెలు
రమాదేవి

తా.క. ఈ ఉత్తరం మోహిత్ చేత పోస్టు చేయిస్తున్నాను. సభ్యుడు కదా, ఏదో ఒక పని చెప్పాలి.

*

బాగ్‌బేరా,
టాటానగర్.

చెల్లెమ్మ రమాదేవికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బావ పోయిన లోటు నాకూ ఉంది. కానీ సమాజం వేరు, బంధుత్వం వేరు.

మన నియమావళిలో ఏడో నియమం ఏం చెబుతోంది? ఇల్లు ఎవరి పేరున ఉంటే సభ్యత్వం వారిది. ఇంటికి ఒకే ఓటు. బావ పోయాక మీ ఇల్లు అబ్బాయి పేరున మార్పించుకున్నారు. ఓటూ అతనికి వెళ్లింది. ఇందులో ఆడామగా ప్రసక్తే లేదు. నియమానికి కళ్లు ఉండవు చెల్లెమ్మా, అందుకే దాన్ని నియమం అంటారు.

ఇక రెండో విషయం. ముప్పై ఏళ్లు గూడ్స్ గార్డుగా చేశాను, అందులో సగం కాలం యూనియన్ బ్రాంచి నడిపాను. నాకు తెలియని కిటుకు లేదు. మహిళా విభాగంలో నాలుగు వర్గాలున్నట్టు నువ్వే రాశావు. నలుగురితో ఒకేసారి మాట్లాడటం ఏ యాజమాన్యానికీ సాధ్యం కాదు. వీటిలో గుర్తింపు పొందిన వర్గం ఏది? ఒక్కోదానిలో సభ్యులెందరు? ఒక్కోదాని కోరికలేమిటి? విడివిడిగా రాసి పంపు.

రాడికల్ అనే మాట మాత్రం కవరు మీద రాయకు. ఇది జార్ఖండ్.

ఇట్లు,
తవిటయ్య,
రిటైర్డ్ గూడ్స్ గార్డు, అధ్యక్షుడు

తా.క. కాంతం ఏ వర్గంలో ఉందో గోప్యంగా తెలియజేయగలవు. ఇంట్లో అడిగితే "అన్నిట్లోనూ ఉన్నాను" అంటోంది. ఆమెకు విషయం సరిగా అర్థమైనట్టు లేదు.

*

సీతారాండేరా.

పూజ్యులు అన్నయ్య గారికి నమస్కారాలు.

అవి యూనియన్లు కావు అన్నయ్య గారూ. ఆలోచించే తీరులు. అయినా మీరు అడిగారు కాబట్టి విడివిడిగానే రాస్తున్నాను.

ఉదారవాదులు చెప్పేది సులువుగానే అర్థమవుతుంది. మగవాళ్లకున్న హక్కే ఆడవాళ్లకూ ఉండాలి, చట్టం ముందు తేడా ఉండకూడదు. ఓటు అడిగేది ముందుగా వీళ్లే. ఓటొస్తే చాలునా అని అడిగేవాళ్లు సామ్యవాదులు. ఇంట్లో వండి, వడ్డించి, పిల్లల్ని సాకితేనే కదా పొద్దున్నే షిఫ్టుకు మనిషి తయారయ్యేది, మరి దాన్ని పని అని ఎందుకు అనరు అంటారు. ఇది స్మిత చెప్పినప్పుడు కాంతం వదిన, "నలభయ్యేళ్లనించి నాను డ్యూటీలోనే ఉన్నానన్నమాట. రిలీవరెవుడేటి?" అంది.

రాడికల్ వాళ్ల మాట ఏమిటంటే, పెత్తనం సభలోనే ఉండదు, ఇంట్లో, మంచం దగ్గర, అన్నం పళ్లెం దగ్గర కూడా ఉంటుంది. కాబట్టి ఇంటి సంగతి కూడా రాజకీయమే. 

నాలుగోదాన్ని మాత్రం స్మిత కన్నా ముందు ఇంకొకరు చెప్పారు. మన హాలు ఊడ్చే కస్తూరమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "మీకు ఓటొత్తే నా సేతిలో సీపురు పోతాదేటమ్మా?" అని అడిగింది. ఆడవాళ్లందరి కష్టమూ ఒకటి కాదు, కులం కూడా లెక్కలోకి రావాలి అనే దళిత స్త్రీవాదం అడిగేది సరిగ్గా ఇదే అని స్మిత చెప్పింది. కస్తూరమ్మకు కుర్చీ వేశాం. ఇప్పుడు ఆవిడా మా విభాగమే.

సభ్యుల సంఖ్య అడిగారు. ఉదారవాదులు పదకొండు మంది. సామ్యవాదులు పదకొండు. రాడికల్ పదకొండు. దళిత స్త్రీవాదం పదకొండు.

ఇట్లు,
రమాదేవి

తా.క. ఐదో పాయ కూడా ఒకటుంది. అసలు "ఆడది" అంటే ఎవరో ముందు తేల్చాలంటుంది. అప్పటికి స్కూలు వదిలే వేళయింది, అందరూ లేచిపోయారు.

*

బాగ్‌బేరా.

చెల్లెమ్మకు ఆశీస్సులు.

మహిళా విభాగంలో ఉన్నదే పదకొండు మంది. నాలుగు వర్గాల్లోనూ పదకొండేసి మంది అంటే నలభై నాలుగు. దీన్ని మా రోజుల్లో బోగస్ సభ్యత్వం అనేవాళ్లం. గుర్తింపు ఎన్నికల ముందు ప్రతి యూనియనూ ఇదే చేసేది. నువ్వు చేసినందుకు కోపం లేదు, నాయకురాలివి అవుతున్నావని సంతోషం. "మాది యూనియన్ కాదు" అనడం కూడా పాత ఎత్తే.

సరే, ఒక్కో వర్గంతో విడివిడిగా ఒప్పందం చేసుకుంటాను. నాలుగు కాగితాలు జతచేశాను. ఉదారవాదులకు సభలో మైకు ఇస్తాం, మాట్లాడాక తిరిగి ఇచ్చెయ్యాలి. సామ్యవాదులకు, ఉగాది వంట, అండాలు తోమడం మగవాళ్లు వంతులవారీగా చేస్తారు. రాడికల్ వర్గం ఇంటి సంగతులను సభలో చర్చకు పెట్టవచ్చు. కస్తూరమ్మ వర్గానికి, ఆమె అందరితో మొదటి బంతిలో కూర్చుంటుంది, హాలు ఊడ్చే పని కూడా వంతుల మీద సాగుతుంది.

దీనికి బదులు నాలుగు వర్గాలూ ఒకే ఒక్క షరతు మీద సంతకం పెట్టాలి. ఏడో నియమాన్ని తు.చ. తప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా అమలు చెయ్యడానికి ఒప్పుకోవాలి. ఇల్లు ఎవరి పేరున ఉందో వారికే ఓటు. ఒక వర్గానికి ఏమిచ్చానో ఇంకో వర్గానికి తెలియకూడదు.

ఇట్లు,
తవిటయ్య

తా.క. నా చెప్పులు నేనే వెతుక్కోవడం రాజకీయమా కాదా అని కాంతం అడుగుతోంది. రాడికల్ వాళ్లను కనుక్కుని రాయి.

*

సీతారాండేరా.

పూజ్యులు అన్నయ్య గారికి నమస్కారాలు.

పదకొండు మందిమీ ఒకే గదిలో కూర్చుని, ఒకరికి తెలియకుండా ఒకరం, నాలుగు కాగితాల మీదా సంతకాలు పెట్టాం. తిరిగి పంపుతున్నాను.

నాకు మాత్రం మనసు బాగోలేదు. ఆ షరతు మీద సంతకం పెడితే నా పేరు నేనే కొట్టేసుకున్నట్టు. పెట్టనంటే కాంతం వదిన నా చెయ్యి పట్టుకుని, "పెట్టు వదినా. నామీద నమ్మకం లేదేటి నీకు?" అంది. నమ్మకం ఉంది కాబట్టి పెట్టాను. ఎందుకు పెట్టమందో ఇంకా చెప్పలేదు.

తు.చ. తప్పకుండా అన్నారు. అంటే జాబితా ఖాయం చేసే సభ రోజున ఇంటి కాగితాలు చూసి మరీ లోపలికి పంపాలా? ఇంతవరకూ ఎవరూ చూడలేదు. వచ్చిన మగవాడి పేరు రాసుకోవడమే ఆచారం.

ఇట్లు,
రమాదేవి

తా.క. చెప్పుల విషయం రాజకీయమేనట.

*

బాగ్‌బేరా.

చెల్లెమ్మకు ఆశీస్సులు.

తప్పకుండా చూడాలి. కాగితం లేనిదే ఎవర్నీ గేటు దాటనివ్వొద్దు. నన్ను కూడా! అధ్యక్షుడైనంత మాత్రాన నియమానికి అతీతుణ్ణి కాను. తనిఖీ బాధ్యత మహిళా విభాగానికే అప్పగిస్తున్నాను. రేపు మీ వర్గాలే మోసం అనకూడదు.

నీకు ఓటు ఇప్పించలేకపోయినందుకు బాధగానే ఉంది. బావ ఉంటే నన్ను తిట్టేవాడు. కానీ నియమం ఒకసారి వంగితే ఇక నిలబడదు.

ఇట్లు,
తవిటయ్య

తా.క. ఇంటి కాగితాలు ఎక్కడున్నాయని అడిగితే, "నా దగ్గరే ఉన్నాయి, నాను తెత్తానులెండి" అంది కాంతం. చూశావా, ఇంట్లో సహకారం ఉండనే ఉంది.

*

సీతారాండేరా.

పూజ్యులు అన్నయ్య గారికి నమస్కారాలు.

మీరు కోపంగా ఆటో ఎక్కి వెళ్లిపోయిన తర్వాత సభలో జరిగింది రాతపూర్వకంగా తెలియజేయడం కార్యదర్శిగా నా విధి.

గేటు దగ్గర కాంతం వదిన మిమ్మల్ని ఆపిన సంగతి మీకు తెలుసు. "ఇల్లు ఎవరి పేరున ఉందండీ?" అని ఆవిడ అడిగింది. "నాది కాదేటి? నాను కట్టించిన ఇల్లు!" అన్నారు మీరు. "కట్టించింది మీరే. రిజిస్ట్రీ ఎవరి పేరున సేయించినారు?" అంటే, మీరు నావైపు చూసి, "ఆడోళ్ల పేరునైతే ఒక్క రూపాయికే అయిపోద్దన్నారు మరి..." అన్నారు. అప్పుడు మీ వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా ఎవరి కాగితాలు వాళ్లు విప్పి చూసుకున్నారు. సర్కారు ఆ రాయితీ ఇచ్చిన రోజుల్లో బాగ్‌బేరాలోనూ, మాంగోలోనూ మనవాళ్లు ఇళ్లూ ఫ్లాట్లూ కొని భార్యల పేరున రాయించుకున్నవాళ్లే. రాయించి మరిచిపోయారు. ఆడవాళ్లు మరిచిపోలేదు.

లోపల కూర్చున్నవాళ్లలో మూడొంతులు ఆడవాళ్లు. కస్తూరమ్మ కూడా తన ఇంటి కాగితం చూపించి సభ్యురాలైంది. ఇన్నాళ్లూ అడిగినవాళ్లు లేరు, ఆవిడకు ఇల్లు లేకపోలేదు. బయట మిగిలింది మగవాళ్లు, వాళ్లతోపాటు నేను. మీరు ఆటో ఎక్కాక నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను. నియమం గెలిచింది, నేను మళ్లీ బయటే ఉన్నాను అనుకుంటే ఏడుపొచ్చింది. ఈ మాట మీకు రాయడానికి సిగ్గుపడటం లేదు.

లోపల మొదటి తీర్మానం కాంతం వదిన పెట్టింది. ఏడో నియమం రద్దు. ఇక ఓటు ఇంటికి కాదు, మనిషికి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, అసలు ఇల్లే లేకపోయినా సరే. బలపరిచింది మా మోహిత్. తెలుగులో నాలుగు మాటలు చెప్పబోయి హిందీలోకి దిగిపోయాడట, "మా అమ్మ బయట నిలబడి ఉంది, అది నాకు నచ్చలేదు" అని మాత్రం అందరికీ అర్థమైంది.

తర్వాత తలుపు తీసి కస్తూరమ్మ పేరు పెట్టి పిలిచింది. రమాదేవీ అని. లోపలికి వెళ్లి, జాబితా ఖాయం చేసే తీర్మానానికి చెయ్యెత్తాను. దేనికి ఎత్తానో నాకు తెలుసు అన్నయ్య గారూ. ఈ చేత్తో ఎన్ని బంతులకు వడ్డించానో, ఓటుకు ఎత్తడం ఇదే మొదటిసారి.

బయట ఉన్న మగవాళ్లనూ పిలిచి పేర్లు రాసుకున్నాం. మీరు లేకపోయినా మీ పేరూ రాశాం. ఇల్లు మీది కాకపోయినా ఓటు మీదే.

ఇట్లు,
మీ చెల్లెలు
రమాదేవి

తా.క. వచ్చే ఆదివారం అధ్యక్ష ఎన్నిక. ఓటు ఎవరికి వెయ్యాలో పూర్తిగా మీ ఇష్టం, కాంతం వదినను అడగనక్కరలేదు. అడిగినా చెప్పదు, మీ మీద పోటీ చేస్తున్నది ఆవిడే.