వెనక గదికి తూర్పు కిటికీ

ఏమండీ,

నైట్ డ్యూటీ నుంచి రాగానే పడుకోకండి. ఫ్లాస్కులో టీ ఉంది. అది తాగి, వెనక కట్టబోయే గది ప్లాను తీసుకుని పర్మిషన్‌కి బలదియా ఆఫీసుకు వెళ్లండి. రేపు శుక్రవారం, ఈ గల్ఫ్‌లో ఏ ఆఫీసూ ఉండదు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ప్లాను బైబిలు కింద పెట్టాను.

పోయినసారి ఎందుకు తిప్పి పంపారో మొన్న ఇంటి ఓనరు చెప్పాడు. మీరు పట్టుబట్టి తూర్పున పెట్టించిన కిటికీ వల్లేనట. అది పక్కింటి ఆడవాళ్లు కూర్చునే వాకిట్లోకి తెరుచుకుంటుంది. అలాంటి కిటికీకి పర్మిషన్ ఇవ్వరు. శుక్రవారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషికి వాస్తు ఎందుకండీ అని నేను అప్పుడే అన్నాను. విన్నారా?

కిటికీని సందు వైపుకు మార్పించి మళ్లీ గీయించాను. పక్కింటి ఉమ్ సాలిమ్‌కి నేనే చూపించి వచ్చాను. ఆవిడ నా చేతిలో ఖర్జూరాలు పెట్టి, అభ్యంతరం లేదని కొడుకు చేత సంతకం చేయించింది. ఈసారి తప్పకుండా ఇస్తారు. మీరు మాత్రం అక్కడ గొడవ పెట్టుకోకండి.

బస్సు వచ్చేసింది, వెళ్తున్నాను.

ఎస్తేరు

మరిచాను. ‘గది దేనికి’ అన్నచోట మీరు ‘సామాన్లకు’ అని రాయించారు. అలాగైతే తేలిగ్గా ఇస్తారని మీ ఆలోచన. అది కొట్టేయించి, ‘మా అమ్మాయి కెజియాకు’ అని రాయించాను. మూడేళ్లుగా గుడివాడ హాస్టల్లో దాని మంచానికి నంబరే ఉంది. ఇక్కడ పేరు ఉండనివ్వండి.