పిల్లి వచ్చి కూర్చుంటే ఆఫ్రికా

జూన్ 1

ఆఫ్రికా ఖాయం. ట్రావెల్స్ ఆయన అభయారణ్యం వాళ్ళ నియమాలు పంపాడు. జీపులో మాట్లాడకూడదు. నీళ్ళగుంట పక్కన చెక్కగదిలో మూడు గంటలు కూర్చోవాలి, అక్కడ అసలే మాట్లాడకూడదు. మా ఆవిడ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి నా వైపు చూసింది.

"రెండు సీట్లు అట్టిపెట్టమన్నాను. ఒకటి నాది. రెండోది మీకా, మా చెల్లికా అన్నది ఇంకా తేల్చుకోలేదు."

నేను ఆశ్చర్యపోతే చెరువులో పడవ సంగతి ఎత్తింది. ఆ రోజు పడవలో అందరికీ కొంగల అలవాట్ల గురించి నాలుగు ముక్కలు చెప్పిన మాట నిజం. కొంగలు లేచిపోయిన మాటా నిజం. రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ నిరూపించలేదు.

నాకు పరీక్ష పెట్టింది. కింది వాటా పెద్దావిడకి ఒక పిల్లి ఉంది. పసుపు చారలు, జమీందారు నడక. అందుకే మేం దొరగారంటాం. మా ఆవిడ ఒక్కతే బాల్కనీలో ఉంటే వచ్చి పక్కన కూర్చుంటారు. గేటు దగ్గర నా గొంతు వినిపిస్తే చాలు, గోడ దూకేస్తారు.

"మీరుండగా అది వచ్చి కాసేపు కూర్చుంటే రెండో సీటు మీది. నెలాఖరున సాయంత్రం ఆరులోపు ట్రావెల్స్ వాళ్ళకి ఖాయం చేయాలి."

ఇంతేనా? రేపటి నుంచి మౌనం.

జూన్ 2

నేను పళ్ళ డాక్టర్ని. నోరు తెరిచి పడుకున్నవాళ్ళు జవాబు చెప్పలేరు కాబట్టి ఇరవై ఏళ్ళుగా ఇద్దరి మాటలూ నేనే మాట్లాడుతున్నాను. ఇవాళ పెదవి విప్పలేదు.

మొదట లారీ డ్రైవరు. దవడపన్ను. చూశాను. అద్దం తిప్పి మళ్ళీ చూశాను. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"డాక్టరుగారూ, ఏదున్నా చెప్పేయండి. ఇంట్లోవాళ్ళకి నేను నచ్చజెప్పుకుంటా."

చిన్న పుచ్చు, అంతే. ఆ మాటే కాగితం మీద రాసి చూపిస్తే చదవకుండానే కళ్ళు మూసుకున్నాడు.

మధ్యాహ్నం నర్సు మెల్లగా అడిగింది, ఇంట్లో అమ్మగారితో ఏమైనా గొడవా అని. తల అడ్డంగా ఊపాను. నమ్మలేదు. ఏమైనా మొదటి రోజు గెలిచాను.

జూన్ 5

కొన్నవి: టోపీ, దుర్భిణి, మట్టిరంగు చొక్కాలు మూడు. అడవిలో కొట్టొచ్చినట్టు కనిపించే రంగులు పనికిరావట. అలవాటు కావాలని అదే వేషంలో క్లినిక్‌కి వెళ్ళాను. వరండాలో కూర్చున్న ఒకావిడ, "పార్సిలు ఆ బల్ల మీద పెట్టు బాబూ" అంది. మౌనంలో ఉన్నాను కాబట్టి వాదించలేదు. పార్సిలు లేదు కాబట్టి టోపీ పెట్టాను.

జూన్ 8

సాయంత్రం బాల్కనీ. చేతిలో దుర్భిణి. దొరగారు గోడెక్కి నన్ను చూశారు. నేనేమీ అనలేదు. ఆయనా ఏమీ అనలేదు. ముక్కు దురద. ఆపుకున్నాను.

ఇంతలో ఎదురింటాయన దభాలున కిటికీ మూసుకున్నాడు. దుర్భిణి తన ఇంటి వైపే ఉందనుకున్నాడు. అపార్థం తొలగించడం నా బాధ్యత కదా. బాల్కనీలోంచే పిలిచి అన్నీ వివరించాను. పావుగంటలో తేలిపోయింది. దొరగారు అప్పటికే లేరు.

జూన్ 12

నిబంధనల్లో చిన్న సవరణలు. క్లినిక్‌లో మాటలు వృత్తిధర్మం, లెక్కలోకి రావు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎదురుగా మనిషి ఉండడు, అవీ రావు. నాలో నేను అనుకునేవి కాస్త పైకి వినిపించినా నా సొంతం.

ఇక మిగిలింది రాత్రి భోజనం. అక్కడ మాత్రం కచ్చితంగా మౌనం. ఇందులో రాజీ లేదు.

జూన్ 16

భోజనం దగ్గర ఓ వింత. నేను మాట్లాడకపోయేసరికి మా ఆవిడ మాట్లాడింది.

మొదట వంటింటి కుళాయి కారుతోందని చెప్పింది. తర్వాత ఆఫీసు. ఆవిడ కోర్టులో స్టెనో. సాక్షులూ వకీళ్ళూ చెప్పేదంతా పొల్లుపోకుండా టైపు చేస్తుంది. అది నాకు తెలుసు. ఆ తర్వాత చెప్పిందే తెలియదు.

"ఇంటికొచ్చాక కూడా ఎవరైనా మాట్లాడుతుంటే నా వేళ్ళు వాటంతటవే కదుల్తాయండీ. దుప్పటి కింద కూడా. మీరు చెప్పేదంతా టైపు చేస్తూనే ఉంటా. అందుకే ఆ నీళ్ళగుంట. మూడు గంటలు ఎవరూ నోరు విప్పరట. ఏనుగులు రానీ, రాకపోనీ."

ఆవిడకు సింహాలంటే ఇష్టమనుకుని నేను రెండు వారాలుగా సింహాల గురించి చదువుతున్నాను. మూడుసార్లు మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. బల్ల మీద ఆవిడ వేళ్ళకేసి చూశాను. కదలడం లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదే అని బాధేసింది.

జూన్ 21, ఆదివారం

దొరగారు వచ్చారు. నా కుర్చీకి మూరెడు దూరంలో కూర్చున్నారు. మా ఆవిడ తలుపు వెనక నుంచి చూస్తోంది. ఊపిరి బిగబట్టాను. ఆఫ్రికా అల్లంత దూరంలో కనిపిస్తోంది.

అప్పుడు దొరగారు ఆవలించారు. ఎడమవైపు పైకోర. చుట్టూ గార. చిగురు ఎర్రగా వాచి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అన్నాను.

అన్నది నేను కాదు, నా ఇరవై ఏళ్ళ అలవాటు. దొరగారు గోడ దూకారు. అక్కడితో ఆగినా బాగుండేది. కిందికి వెళ్ళి చిగుళ్ళ వాపు, దాని కారణాలు, పశువుల డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళాలి, అంతా పెద్దావిడకు విడమరచి చెప్పి పైకొచ్చేసరికి చీకటి పడింది. మా ఆవిడ చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. భయమేసింది.

జూన్ 24

మానేశాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. క్లినిక్‌లో పొద్దున్నుంచి, భోజనం దగ్గర రాత్రిదాకా నోరు మూయలేదు. రోగులంతా హాయిగా ఉన్నారు. రెండోసారి వచ్చిన లారీ డ్రైవరైతే నా గొంతు వినగానే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

అయినా ఆ ఆఫ్రికాలో ఏముంది, దోమలు తప్ప? సింహాలు పగలంతా నిద్రపోతాయట. డబ్బు పోసి ఒకరు నిద్రపోతుంటే చూడాలా?

జూన్ 27

మరదలు వచ్చింది. అడిగితే తప్ప మాట్లాడని మనిషి. వెళ్ళి బాల్కనీలో కూర్చుంది. కాసేపట్లో దొరగారు ఆమె ఒళ్ళో ఉన్నారు.

"బావగారూ, ఈ టోపీ మీదా?" అని తీసి పెట్టుకుంది. అతికినట్టు సరిపోయింది.

"బాగుంది" అన్నాను. ఆపైన మాట రాలేదు. ఈ నెలలో నేను పాటించిన అసలైన మౌనం అదొక్కటే.

నాకు వెళ్ళాలని ఉంది. సింహాల కోసం కాదు. ఆ చెక్కగదిలో మా ఆవిడ పక్కన కూర్చుని, మూడు గంటలు ఆ వేళ్ళు కదలకుండా ఉండడం చూడాలని ఉంది.

జూన్ 30

ఆఖరి ప్రయత్నం. క్లినిక్ తొందరగా మూసేసి వచ్చాను. కోర్టులో పెద్ద కేసు, మా ఆవిడ ఆలస్యంగా వస్తుంది.

4.50 దొరగారు గోడ మీద.

5.10 బాల్కనీలో. చిగురు వాపు తగ్గింది. పైకి అనలేదు.

5.20 నా పాదం మీద తల పెట్టి పడుకున్నారు.

5.25 స్టూలు మీద ఫోన్ వణికింది. ట్రావెల్స్. ఎత్తితే మాట్లాడాలి. మాట్లాడితే పిల్లి పోతుంది. పిల్లి పోతే సీటు పోతుంది. ఆమాత్రం తర్కం నాకు తెలుసు. ఎత్తలేదు.

5.40 మళ్ళీ ట్రావెల్స్. ఎత్తలేదు.

5.55 మళ్ళీ. ఇంత పట్టుదల నాలో ఉందని నాకే తెలియదు.

6.30 మా ఆవిడ వచ్చింది. గర్వంగా నా పాదం వైపు చూపించాను. పిల్లిని చూసి నవ్వింది. నా ఫోన్‌లో ట్రావెల్స్ వాళ్ళు పంపిన మెసేజ్ చూసి నవ్వు ఆపేసింది.

మధ్యాహ్నమే ట్రావెల్స్ వాళ్ళకి చెప్పేసిందట, రెండో సీటు మా వారిదే, పాస్‌పోర్టు వివరాలు ఆయన్నే అడిగి ఖాయం చేయండని. అవి జంట సీట్లు, విడిగా ఇవ్వరు. నేను ఎత్తలేదు, కోర్టు హాల్లో ఆవిడ ఫోన్ కట్టేసి ఉంది. ఆరు దాటగానే రెండూ వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

"మరి పిల్లి?" అన్నాను. దొరగారు లేచి వెళ్ళిపోయారు.

"పిల్లిదేముందండీ. ఆ రోజు భోజనం దగ్గర నేను చెప్పింది చివరిదాకా విన్నారు. మిమ్మల్నే తీసుకెళ్ళాలని అప్పుడే అనుకున్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబుదామంటే సందెక్కడ ఇచ్చారు?"

జూలై 1

మళ్ళీ సీజను ఏడాదికి. కావలసినంత వ్యవధి. ఈసారి పిల్లితో పనిలేదు. దుర్భిణి బీరువాలో పెట్టేశాను. రాత్రి భోజనం దగ్గర మౌనం, అంతే. ఫోన్ మోగితే మాత్రం ఎత్తాలి.

ఈ నిర్ణయం, దాని వెనకున్న ఆలోచన, కిందటి నెల పద్ధతిలో దొర్లిన లోపాలు, అన్నీ భోజనం దగ్గరే మా ఆవిడకు వివరించాను. మూడో లోపానికి వచ్చేసరికి కంచాల్లో అంతా చల్లారిపోయింది. బల్ల అంచు మీద ఆవిడ వేళ్ళు కదులుతున్నాయి.

వాక్యం మధ్యలోనే ఆపేశాను. కాసేపటికి అవీ ఆగాయి.

"వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉందండీ" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. విన్నాను.

మౌనం ఇవాళ్టి నుంచే. మొదటి అరగంట లెక్కలోకి రాదు.